దేవుని న్యాయము: యూదుల, క్రైస్తవుల తలంపు

న్యాయము అనగానే మనకు కోర్టు, వకీళ్లు, శిక్ష జ్ఞాపకమునకు వచ్చును. అందుచేతనే ఒక ఇంట అకాల మరణము సంభవించినప్పుడు "దేవుడు న్యాయవంతుడు, కారణము లేక ఇట్లు చేయడు" అని ఓదార్చబోయి, ఆ ఇంటివారి గాయమును మరల రేపుచుందుము. ఈ మాట లేఖనములకు సమ్మతమైనదా? మన పితరులు ఎట్లు తలంచిరో చూతము.

హెబ్రీ భాషలో ఇందుకు రెండు మాటలు ముఖ్యము. 'మిష్పాత్' అనగా తీర్పు, న్యాయవిధి. 'త్సెదాకా' అనగా నీతి. ప్రవక్తల గ్రంథములలో ఇవి తరచుగా జంటగా కనబడును. క్రీ.పూ. 8వ శతాబ్దములో తెకోవకు చెందిన పశువుల కాపరి ఆమోసు, ఉత్తర రాజ్యమైన ఇశ్రాయేలునకు వెళ్లి బేతేలులో ప్రవచించెను. దొంగత్రాసులతో ధాన్యము అమ్మువారిని, చెప్పుల జోడు కొరకు బీదవానిని అమ్మివేయువారిని, ఊరి గుమ్మమునొద్ద తీర్పుతీర్చుచు లంచము పుచ్చుకొనువారిని అతడు గద్దించెను. అతని దృష్టిలో న్యాయమనగా దోషిని శిక్షించుట మాత్రమే కాదు. అన్యాయమునకు గురియైనవానిని తిరిగి నిలువబెట్టుట. కాలక్రమమున యూదులు బీదలకిచ్చు ధర్మమునకే 'త్సెదాకా' అని పేరు పెట్టిరి. అది వారికి దయతో వేయు భిక్ష కాదు, తీర్చవలసిన బాకీ.

క్రీ.శ. 70లో రోమీయులు యెరూషలేము దేవాలయమును నాశనము చేసిన తరువాత, రబ్బీల బోధయే యూదులకు ఆధారమాయెను. ఆదికాండముపై వారి వ్యాఖ్యానమైన 'బెరేషీత్ రబ్బా'లో ఒక ఉపమానము కలదు. ఒక రాజునొద్ద సున్నితమైన గిన్నెలుండెను. వేడినీరు పోసినను, చన్నీరు పోసినను అవి పగులును. కనుక రాజు రెండును కలిపి పోసెను. అట్లే దేవుడు న్యాయమును కనికరమును కలిపి లోకమును సృజించెనని దాని భావము.

ఈ రెంటిని విడదీయుటకు సంఘములో ఒక ప్రయత్నము జరిగినది. నల్లసముద్ర తీరమున సినోపే నుండి రోముకు వచ్చిన మార్కియోను, పాత నిబంధన దేవుడు న్యాయాధిపతి మాత్రమే, క్రీస్తు తండ్రి వేరొక దయగల దేవుడు అని బోధించెను. క్రీ.శ. 144లో రోమా సంఘము అతనిని వెలివేసి, అతడిచ్చిన పెద్ద విరాళమును సైతము తిరిగి ఇచ్చివేసెను. ధనము పోయినను దేవుడు ఒక్కడే అను సత్యమును సంఘము విడువలేదు.

మార్టిన్ లూథరు సైతము మొదట "దేవుని నీతి" అను మాటను ద్వేషించితినని 1545లో వ్రాసెను. పాపిని దండించు నీతియని అతడు భయపడెను. రోమీయులకు వ్రాసిన పత్రికను ధ్యానించుచుండగా, అది పాపిని నీతిమంతునిగా తీర్చు దేవుని వరమని గ్రహించెను. దీనిపై చీలిన లూథరను, రోమను కథోలిక సంఘములు 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గులో ఏకాభిప్రాయ ప్రకటనపై సంతకములు చేసినవి.

యూదులకును మనకును భేదము లేకపోలేదు. మనము ఆ న్యాయమును సిలువయందు చూతుము, వారట్లు ఒప్పుకొనరు. అయినను న్యాయమును కనికరమును విడదీయరాదని ఇరువురును ఎరుగుదురు.

సిలోయము గోపురము కూలి 18 మంది చనిపోయినప్పుడు, వారు ఇతరులకంటె ఎక్కువ పాపులు కారని ప్రభువు స్పష్టముగా చెప్పెను. మారుమనస్సు పొందవలసినది వినుచున్న వారేయని హెచ్చరించెను. కాబట్టి ప్రియులారా, దుఃఖించువారి గడప తొక్కునప్పుడు మనము తీర్పరులమై వెళ్లకుందుము గాక. వారి ప్రక్కన కూర్చుండి, వారికి రావలసినది వారికి దక్కునట్లు నిలబడుటయే దేవుని న్యాయమునకు మనమిచ్చు సాక్ష్యము.