డి. రాజారెడ్డి

డాక్టర్ డి. రాజారెడ్డి ప్రముఖ నాడీ శస్త్రవైద్యుడు. హైదరాబాదులోని నిమ్స్ డైరెక్టరుగా పనిచేశాడు. నాణేల చరిత్రపైనా గ్రంథాలు రచించాడు.

ఫ్లోరోసిస్ పరిశోధన

నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి 1955లోనే సిద్ధిఖీ వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. ఈ వ్యాధి నాడీమండలాన్ని దెబ్బతీసే తీరుపై రాజారెడ్డి కృషి చేశాడు. ఆయన రాసిన అధ్యాయం 1979లో హ్యాండ్‌బుక్ ఆఫ్ క్లినికల్ న్యూరాలజీ 36వ సంపుటంలో చేరింది. 2009లో న్యూరాలజీ ఇండియా పత్రికలో రాసిన సమీక్షను తరువాతి పరిశోధకులు తరచుగా ఉదహరించారు. పెరిగిన ఎముక వెన్నుపామును, నాడీమూలాలను నొక్కివేయటం వల్లనే కాళ్ళుచేతులు చచ్చుబడతాయనీ, ఫ్లోరైడు నాడులకు నేరుగా విషమనేందుకు ఆధారాలు లేవనీ అందులో వివరించాడు. శస్త్రచికిత్స ప్రయోజనం పరిమితమనీ, నివారణే లక్ష్యం కావాలనీ ఒక శస్త్రవైద్యుడే రాయటం గమనార్హం. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మి.గ్రా. మించరాదు; వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 మి.గ్రా. వరకు అనుమతిస్తారు.