కాంకేలో ఇద్దరు కల్నల్లు

మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఎవరైనా తిక్కగా మాట్లాడితే "వీణ్ణి రాంచీ పంపించాలి" అంటారు. హైదరాబాదు వాళ్ళకి ఎర్రగడ్డ ఎలాగో, ఇక్కడివాళ్ళకి రాంచీ అలాగ. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగాలకి వచ్చిన మన పెద్దలు మాత్రం వాల్తేరు అనేవారు. వాల్తేరు అంటే అప్పట్లో రైల్వే డివిజను కూడా. అందుకని "ఫలానాయన్ని వాల్తేరు పంపారట" అంటే బదిలీ మీదా, ఆస్పత్రికా అని అడగాల్సి వచ్చేది!

హాస్యం సరే. ఆ రాంచీ ఆస్పత్రులను నిలబెట్టినవారు మన ఫౌజీలే అని చాలామందికి తెలియదు. అందుకే ఈ సంచికకి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అప్పట్లో ఇండియన్ మెడికల్ సర్వీస్ అని ఉండేది. అందులో డాక్టర్లకి సైనిక హోదా ఉండేది. శాంతికాలంలో సివిల్ ఆస్పత్రులు చూసినా, యుద్ధం వస్తే పల్టన్‌కి రావలసిందే. లెఫ్టినెంట్ కల్నల్ ఓవెన్ బర్క్‌లీ-హిల్ అలాంటి ఆఫీసరు. మొదటి ప్రపంచ యుద్ధంలో తూర్పు ఆఫ్రికా రంగంలో పనిచేసి, 1919లో రాంచీ దగ్గర కాంకేలో యూరోపియన్ల పిచ్చాసుపత్రికి సూపరింటెండెంటుగా వచ్చారు. అది 1918లో 174 మంది రోగుల కోసం కట్టినది. 1934 వరకు ఆయన అక్కడే ఉన్నారు. రోగులకి పని నేర్పించి, పనితోనే మనసు కుదుటపరిచే విభాగాన్ని 1922లో ప్రారంభించారు. దేశంలోని "అసైలం"లన్నిటికీ "మెంటల్ హాస్పిటల్" అని పేరు మారడం వెనక కూడా ఆయన పట్టుదల ఉంది. పేరు మారిస్తే ఏమవుతుంది అనుకోకండి. గేటు మీద ఏం రాసి ఉందో చూసే బంధువులు లోపలికి రావాలో వద్దో నిర్ణయించుకుంటారు.

కాంకేలోనే 1925లో భారతీయుల కోసం వేరే ఆస్పత్రి తెరిచారు. దానికి సూపరింటెండెంటు జాల్ ఎదుల్జీ ధుంజీభాయ్. ఈయన పార్సీ, అదే సర్వీసు, తరవాత అదే లెఫ్టినెంట్ కల్నల్ హోదా. 1940 దాకా పనిచేశారు. అంటే ఇద్దరివీ పదిహేనేసి సంవత్సరాలే. కానీ తూకం చూడండి. అక్కడ వందల్లో రోగులు, ఇక్కడ వెయ్యికి పైన. అక్కడ దొరలూ ఆంగ్లో-ఇండియన్లూ, ఇక్కడ బెంగాల్, బీహార్, ఒరిస్సా బీదజనం. బర్క్‌లీ-హిల్ 1939లో తన ఆత్మకథ అచ్చు వేయించుకున్నారు, పేరు నిలిచింది. ధుంజీభాయ్ రాసినవి ఎక్కువగా ఏటేటా పంపిన ఆఫీసు రిపోర్టులు. వాటిని దుమ్ము దులిపి చదివి, వాల్ట్‌రాడ్ ఎర్న్‌స్ట్ అనే చరిత్రకారిణి 2013లో పుస్తకం రాస్తే గాని ఆయన సేవ బయటికి రాలేదు. ఆయన కుర్చీ దిగిన 73 ఏళ్ళకి! బర్క్‌లీ-హిల్‌ని తక్కువ చేయడం లేదు గానీ, నా సెల్యూట్ ముందుగా ధుంజీభాయ్‌కే.

1943 ఏప్రిల్ 3న మన మెడికల్ కోర్ ఏర్పడింది. నేటి మిలిటరీ ఆస్పత్రుల సైకియాట్రీ వార్డులు ఆ కోర్‌వే. మనందరికీ తెలిసిన "షేప్" కేటగిరీలో మొదటి అక్షరం ఎస్. అది మానసిక స్థితికే. వినికిడి, కాళ్ళూ చేతులూ, ఒంటి దారుఢ్యం, చూపు, అన్నీ దాని తరవాతే. కాగితం మీద మొదటిది, బారక్‌లో మాత్రం ఎవరూ నోరు విప్పనిది. మోకాలు దెబ్బ తిని కేటగిరీ పడితే పది మందికీ చెప్పుకుంటాడు జవాను. ఎస్ పడితే ఇంట్లో కూడా దాస్తాడు.

1990లలో ఒక మన కుర్రాడు ఫీల్డ్ నుంచి వచ్చి వార్డులో చేరాడు. హిందీ అంతంతమాత్రం. "మన్ నహీ లగతా" అన్నాడట. ఇంటి మీద బెంగ అనుకున్నారు అందరూ. తెలుగువాణ్ణని నన్ను పిలిచారు. "సాబ్, నా మనసు నా దగ్గర లేదు. రాత్రి కళ్ళు మూస్తే వాడే కనపడుతున్నాడు" అన్నాడు. వాడంటే పక్కనే పోయిన స్నేహితుడు. నేను ఆ మాట హిందీలో చెప్పగానే డాక్టరుగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. అయితే ఆ కుర్రాడి పక్కన మూడు వారాల పాటు రాత్రుళ్ళు కూర్చున్నది ఒక నర్సింగ్ అసిస్టెంట్ హవల్దారు, మరాఠీవాడు. భాష రాదు. టీ చేసి ఇచ్చేవాడు, నిద్ర పట్టేదాకా కదిలేవాడు కాదు. కుర్రాడు పల్టన్‌కి తిరిగి వెళ్ళాడు.

మనకి 9, 20, 30 ఏళ్ళ సర్వీసు మెడల్స్ ఉన్నాయి. విశిష్ట సేవా పతకాలు 1960లో మొదలై, 1967లో పరమ విశిష్ట, అతి విశిష్ట, విశిష్ట అని ఇప్పటి పేర్లతో వస్తున్నాయి. ఏళ్ళ మెడల్ అందరికీ వస్తుంది. విశిష్ట సేవకి మాత్రం ఫలానా పని చేశాడని సైటేషన్ కావాలి. ఆత్మహత్య చేసుకోకుండా మిగిలిన జవానుని, ఇంట్లో తాగి కొట్టకుండా ఉన్న భర్తని సైటేషన్‌లో ఎలా రాస్తారు? జరగనిదానికి లెక్క ఉండదు. ఈ వార్డుల్లో పాతికేళ్ళు చేసినవాళ్ళకి ఉన్న ఇబ్బంది ఇదే. ఇప్పుడు యూనిట్లలో మన జేసీఓలకీ ఎన్‌సీఓలకీ కౌన్సెలర్లుగా శిక్షణ ఇస్తున్నారు. వాళ్ళ సంగతీ రేపు ఇంతే కావచ్చు.

మా ఊరి దగ్గర సేంద్రీలో ఇప్పుడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర మానసిక ఆస్పత్రి ఉంది. అయినా కాలనీలో ఇంకా రాంచీ అనే అంటున్నారు.

మన సంఘ సభ్యుల్లో సైకియాట్రీ వార్డులో డ్యూటీ చేసినవారు, ఏ ర్యాంకు వారైనా, తమ ఆస్పత్రి, సంవత్సరాలు సంఘానికి రాసి పంపండి. రోగుల పేర్లు వద్దు. వచ్చే సంచికలో ఒక పేజీ ఇమ్మని సంపాదకులను అడిగాను, సరేనన్నారు.