టర్బో కారుకు గొట్టం మారిస్తే.. శబ్దమే మిగిలేది!

పెనుకొండ: ఒకప్పుడు టర్బో అనే మాట లారీల వెనుక, జీపుల పక్కన మాత్రమే కనిపించేది. నేడది కుటుంబ కార్లకూ వచ్చేసింది. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద నెలకొల్పిన కియా కర్మాగారం నుంచి 2019 ఆగస్టులో విపణిలోకి వచ్చిన సెల్టోస్‌లో 1.4 లీటర్ల టర్బో పెట్రోలు రకం 140 అశ్వశక్తిని ఇచ్చింది. 2023లో దాని స్థానంలో వచ్చిన 1.5 లీటర్ల ఇంజిను సామర్థ్యం 160 అశ్వశక్తికి చేరింది. కారుతో పాటే కొత్త మోజు కూడా పట్టణాలకు చేరింది. కొన్న కొద్ది నెలలకే పొగ గొట్టం మార్పించడం, గొట్టంలోని శుద్ధి పరికరాన్ని తీయించడం, కంప్యూటర్‌లో లెక్కలు మార్పించడం యువతలో కనిపిస్తోంది. ఇందుకు వెచ్చించే సొమ్ముకు దక్కే ఫలితమెంత, కొని తెచ్చుకునే చిక్కులెన్ని అన్నది ముందుగా తెలుసుకోవడం అవసరం.

పొగతోనే పరుగు

ఇంజినులో మండే ఇంధన శక్తిలో సుమారు మూడో వంతు వేడి రూపంలో పొగ గొట్టం గుండా వృథాగా పోతుంది. ఆ వృథాను వాడుకునే పరికరమే టర్బో. స్విట్జర్లాండ్‌కు చెందిన ఇంజినీరు ఆల్ఫ్రెడ్‌ బ్యూకీ 1905లోనే దీనిపై పేటెంటు పొందారు. బయటకు పోయే పొగ వేగానికి ఒక చిన్న చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండో చివరన ఉన్న చక్రం బయటి గాలిని పీల్చి, ఒత్తి ఇంజినులోకి పంపుతుంది. గాలి ఎక్కువైతే ఇంధనమూ ఎక్కువగా మండించవచ్చు. చిన్న ఇంజినుతో పెద్ద ఇంజిను బలం రావడంలోని రహస్యం ఇదే.

చిన్న కార్ల టర్బో చక్రం నిమిషానికి 2 లక్షలకు పైగా చుట్లు తిరగగలదు. పెట్రోలు కార్లలో దాని గుండా పోయే పొగ వేడి 900 డిగ్రీల సెల్సియస్‌ వరకు ఉంటుంది. ఆ ఇరుసును కాపాడేది పలుచని నూనె పొర మాత్రమే. అందువల్ల టర్బో కారులో గాలి, ఇంధనం, నూనె, పొగ వేర్వేరు విషయాలు కావు. ఒకదాన్ని కదిపితే మిగిలిన మూడూ కదులుతాయి.

మెట్టుమెట్టుగా నిబంధనలు

దేశంలో 1995 ఏప్రిల్‌ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు ఉత్ప్రేరక శుద్ధి పరికరం, అంటే కేటలిటిక్‌ కన్వర్టర్‌ తప్పనిసరైంది. 2000 నాటికి సీసం కలిసిన పెట్రోలుకు దేశమంతటా స్వస్తి పలికారు. భారత్‌ స్టేజ్‌-4 ప్రమాణాలు 2010లో హైదరాబాద్‌ సహా 13 నగరాల్లో, 2017 ఏప్రిల్‌ 1 నుంచి దేశమంతటా అమలయ్యాయి. ఐదో మెట్టును వదిలి 2020 ఏప్రిల్‌ 1న నేరుగా బీఎస్‌-6కు వెళ్లారు.

ఈ మార్పు ఎంతటిదో అంకెలు చూస్తే అర్థమవుతుంది. బీఎస్‌-4 డీజిలు కారు కిలోమీటరుకు 0.25 గ్రాముల నైట్రోజన్‌ ఆక్సైడ్లు వదలవచ్చు. బీఎస్‌-6లో అది 0.08 గ్రాములకు తగ్గింది. సూక్ష్మ ధూళి పరిమితి 25 మిల్లీగ్రాముల నుంచి 4.5 మిల్లీగ్రాములకు దిగింది. ఇంధనంలోని గంధకాన్ని పది లక్షల్లో 50 పాళ్ల నుంచి 10 పాళ్లకు తగ్గించారు. గంధకం ఉంటే శుద్ధి పరికరం త్వరగా పాడవుతుంది కనుక, పరికరమూ ఇంధనమూ ఒకేసారి మారాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్‌ 1 నుంచి ప్రయోగశాలలోనే కాక రోడ్డుపై నడుస్తుండగా కూడా కొత్త మోడళ్ల ఉద్గారాలను కొలిచి చూస్తున్నారు.

గొట్టం మారిస్తే ఏమవుతుంది?

పొగ గొట్టంలో మూడు భాగాలుంటాయి. టర్బోకు ఆనుకొని ఉండే తొలి గొట్టం, దానిలోనే లేదా పక్కనే అమర్చిన శుద్ధి పరికరం, వెనుక చివరన ఉండే సైలెన్సర్‌. శుద్ధి పరికరంలో తేనెపట్టు వంటి గదుల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి విలువైన లోహాల పూత ఉంటుంది. అది సుమారు 250 నుంచి 300 డిగ్రీల వరకు వేడెక్కాకే పని మొదలుపెడుతుంది. అందుకే దాన్ని ఇంజినుకు అంత దగ్గరగా అమరుస్తారు.

వెనుక సైలెన్సర్‌ ఒక్కటే మారిస్తే ప్రధానంగా మారేది శబ్దమే. టర్బో ఎంత గాలి ఒత్తాలో కంప్యూటర్‌ ముందే నిర్ణయించి ఉంచుతుంది. ఆ పరిమితి దాటగానే అదనపు పొగను పక్కదారి పట్టించే కవాటం తెరుచుకుంటుంది. గొట్టం ఎంత వెడల్పు చేసినా, కంప్యూటర్‌లో లెక్క మారనంతవరకు బలం చెప్పుకోదగినంత పెరగదు. చెవికి వినిపించే గర్జన కారు వేగం పెరిగిందన్న భ్రమ కలిగిస్తుంది, అంతే.

తొలి గొట్టాన్ని మార్చి, కంప్యూటర్‌ లెక్కనూ మార్చినప్పుడు బలం పెరిగే మాట వాస్తవం. అయితే పెరిగిన ఒత్తిడిని ఇంజిను, క్లచ్‌, గేర్‌బాక్సు, టర్బో ఇరుసు భరించాలి. తయారీదారు వారంటీ ప్రశ్నార్థకమవుతుంది. శుద్ధి పరికరాన్ని పూర్తిగా తీసేస్తే మరో చిక్కు ఉంది. దాని వెనుక అమర్చిన ఆక్సిజన్‌ సెన్సర్‌ లోపాన్ని పసిగట్టి డ్యాష్‌బోర్డుపై హెచ్చరిక దీపాన్ని వెలిగిస్తుంది. ఆ సెన్సర్‌ను మోసపుచ్చే ఏర్పాటు చేస్తే దీపం ఆరుతుందే గాని, పొగలోని విషం తగ్గదు. పైగా, రేపు నిజంగా లోపం తలెత్తినా తెలిపే దారి మూసుకుపోతుంది. తీసిన పాత పరికరంలోని లోహాలకు మంచి ధర పలుకుతుంది. అది ఎవరి చేతికి పోతోందని అడిగే యజమానులు తక్కువ.

ఏ పెట్రోలు పోయాలి?

టర్బో ఇంజినులోకి వెళ్లే గాలి ఒత్తిడికి గురై వేడిగా ఉంటుంది. అందువల్ల స్పార్కు రాకముందే లేదా క్రమం తప్పి ఇంధనం అంటుకునే ప్రమాదం ఎక్కువ. లోపల సుత్తితో కొట్టినట్లు వినిపించే ఈ చప్పుడును మెకానిక్కులు నాకింగ్‌ అంటారు. దీన్ని తట్టుకునే గుణాన్ని ఆక్టేన్‌ సంఖ్య తెలుపుతుంది. నాకింగ్‌ను గుర్తించిన వెంటనే కంప్యూటర్‌ స్పార్కును ఆలస్యం చేసి ఇంజినును కాపాడుతుంది. కాని ఆ మేరకు బలం, మైలేజీ తగ్గుతాయి.

బీఎస్‌-4 కాలంలో సాధారణ పెట్రోలు ఆక్టేన్‌ సంఖ్య 91గా ఉండేది. ఇరవై శాతం ఇథనాల్‌ కలిసిన ఈ20 పెట్రోలుకు ప్రమాణం 95. ఇథనాల్‌ ఆవిరయ్యేటప్పుడు పెట్రోలు కంటే రెండు రెట్లకు పైగా వేడిని పీల్చుకుని గాలిని చల్లబరుస్తుంది. ఈ రెండూ టర్బోకు మేలు చేసేవే. అయితే లీటరు ఇథనాల్‌లోని శక్తి పెట్రోలులో కంటే సుమారు మూడో వంతు తక్కువ. ఈ20 కోసమే రూపొందించని కార్లలో మైలేజీ తగ్గడానికి కారణమిదే. శుద్ధ పెట్రోలుకు రూపొందించి, పది శాతం ఇథనాల్‌కు సరిచేసిన నాలుగు చక్రాల వాహనాల్లో 6 నుంచి 7 శాతం, పది శాతానికి రూపొందించి ఇరవైకి సరిచేసిన వాటిలో 1 నుంచి 2 శాతం మైలేజీ తగ్గవచ్చని నీతి ఆయోగ్‌ 2021లో వెలువరించిన ప్రణాళికా పత్రం అంచనా వేసింది.

చెరకు, మొక్కజొన్న, నూకల నుంచి తయారయ్యే ఇథనాల్‌ వల్ల రైతుకు అదనపు విపణి లభిస్తోంది. వాహనదారు మాత్రం తన కారు ఏ వర్గానిదో తెలుసుకోవాలి. ట్యాంకు మూత లోపలి చీటీపై గాని, కారుతో ఇచ్చిన పుస్తకంలో గాని ఈ10, ఈ20 అన్న వివరం ఉంటుంది. పాత కార్లలో ఇంధనం వెళ్లే రబ్బరు గొట్టాలను సర్వీసు సమయంలో పరీక్షింపజేయాలి. ఇథనాల్‌ తేమను పీల్చుకుంటుంది కాబట్టి వానాకాలంలో నెలల తరబడి కారును కదపకుండా ఉంచరాదు.

ఇక 95, 100 ఆక్టేన్‌ల ఖరీదైన పెట్రోలు సంగతి. కారు పుస్తకం కోరినప్పుడు, లేదా కంప్యూటర్‌ లెక్క అందుకు తగినట్లు ఉన్నప్పుడే దానివల్ల ప్రయోజనం. సాధారణ పెట్రోలుకు సరిపడిన కారులో 100 ఆక్టేన్‌ పోయడం వల్ల ఖర్చు తప్ప ఒరిగేది స్వల్పం. కల్తీ మాత్రం ఏ కారుకైనా ముప్పే. కిరోసిన్‌ కలిస్తే ఆక్టేన్‌ పడిపోతుంది, గంధకం పెరుగుతుంది, ఇంజినూ శుద్ధి పరికరమూ రెండూ దెబ్బతింటాయి.

డీజిలు కార్ల కష్టం

బీఎస్‌-6 డీజిలు కార్లలో మసిని పట్టి ఉంచే వడపోత పరికరం, అంటే డీపీఎఫ్‌ ఉంటుంది. పట్టిన మసిని అది సుమారు 600 డిగ్రీల వేడి వద్ద కాల్చి బూడిద చేస్తుంది. ఇల్లు, బజారు, బడి మధ్య రోజుకు రెండు మూడు కిలోమీటర్లు తిరిగే కారులో ఆ వేడి పుట్టదు. మసి పేరుకుని దీపం వెలుగుతుంది, బలం తగ్గుతుంది. అప్పుడు కొందరు పరికరాన్నే కోయించి తీసేస్తున్నారు. నిజానికి దీపం వెలిగిన తొలి దశలో హైవేపై 15, 20 నిమిషాలు గంటకు 60 కిలోమీటర్లకు పైగా ఒకే వేగంతో నడిపితే చాలా సందర్భాల్లో సమస్య తీరిపోతుంది. రోజూ కొద్ది దూరమే తిరిగేవారు కొనేటప్పుడే పెట్రోలు రకాన్ని ఎంచుకోవడం మేలు.

కొన్ని డీజిలు వాహనాలకు ప్రత్యేక ద్రావణం కూడా పోయాలి. అందులో 32.5 శాతం స్వచ్ఛమైన యూరియా, మిగిలినది ఖనిజాలు తొలగించిన నీరు. పొలానికి వేసే యూరియాను నీళ్లలో కరిగించి పోస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. ఎరువు యూరియాకు వేపనూనె పూత ఉంటుంది. ఆ పూత, ఇతర మలినాలు పిచికారీ గొట్టాన్ని, ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తాయి. మిగిలేది వందలు, పోయేది వేలు.

చట్టం ఏమంటోంది?

తయారీదారు నిర్దేశించిన, ఆర్సీలో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు సైతం ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది జరిగిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పునకు యజమానికి 6 నెలల వరకు జైలు లేదా రూ.5 వేల జరిమానా విధించవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘిస్తే తొలి తప్పిదానికి 3 నెలల వరకు జైలు లేదా రూ.10 వేల వరకు జరిమానా లేదా రెండూ, వాటితో పాటు 3 నెలలు లైసెన్సు అనర్హత ఉంటాయి. గ్యాస్‌ కిట్టు వంటి ఇంధన మార్పిడికి మాత్రం ఆమోదించిన కిట్టుతో, రవాణా శాఖ నమోదుతో అవకాశం ఉంది. చెప్పకుండా చేసిన మార్పులు ప్రమాదం జరిగినప్పుడు బీమా పరిహారం విషయంలోనూ వివాదానికి దారితీస్తాయి.

కొత్త వాహనానికి తొలి ఏడాది గడిచాక కాలుష్య తనిఖీ పత్రం తప్పనిసరి. బీఎస్‌-4, బీఎస్‌-6 వాహనాలకు ఇది 12 నెలలు చెల్లుతుంది. బీఎస్‌-4 పెట్రోలు కారు నిలకడగా నడుస్తున్నప్పుడు పొగలో కార్బన్‌ మోనాక్సైడ్‌ 0.3 శాతం మించరాదు. శుద్ధి పరికరం లేని కారు నిజాయితీగా జరిగే పరీక్షలో గట్టెక్కడం కష్టం. అయితే ఈ తనిఖీలో నైట్రోజన్‌ ఆక్సైడ్లను, సూక్ష్మ ధూళి కణాలను కొలవరు. కనుక పత్రం ఉన్నంత మాత్రాన పొగ స్వచ్ఛమైనదని భావించరాదు.

ఇవి పాటిస్తే మేలు

* కారు పుస్తకంలో సూచించిన ఆక్టేన్‌ పెట్రోలునే, నమ్మకమైన బంకులో పోయించాలి. రసీదు తీసుకోవాలి.

* టర్బోకు తగిన సింథటిక్‌ ఇంజిను నూనెను గడువుకు ముందే మార్పించాలి. గాలి వడపోత శుభ్రంగా ఉంచాలి.

* హైవేపై వేగంగా నడిపి ఆపిన వెంటనే ఇంజిను కట్టేయరాదు. అర నిమిషం నుంచి నిమిషం పాటు నెమ్మదిగా నడవనిస్తే టర్బో చల్లబడుతుంది.

* హెచ్చరిక దీపం వెలిగితే దాన్ని ఆర్పించడం కాక, కారణం వెతికించాలి.

* పాత టర్బో కారు కొనేవారు వాహనాన్ని పైకెత్తించి శుద్ధి పరికరం, డీపీఎఫ్‌ ఉన్నాయో లేవో చూసుకోవాలి. లేకుంటే వాటి ఖర్చు కొన్నవారి నెత్తినే పడుతుంది.

శుద్ధి పరికరం తీసేసిన కారు పొగను లోపల కూర్చున్నవారు పీల్చరు. వెనుక సైకిలుపై బడికి వెళ్లే పిల్లలు, బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడినవారు పీలుస్తారు. టర్బో కారు బలాన్ని కాపాడుకునేందుకు సరైన ఇంధనం, సకాలంలో నూనె మార్పు చాలు. గొట్టం జోలికి పోనవసరం లేదు.