క్వాంటమ్ నియంత్రణ

పరిసరాల రొద (నాయిస్) ఉన్నా, వ్యవస్థ లక్షణాలు కచ్చితంగా తెలియకపోయినా క్వాంటమ్ వ్యవస్థను కోరిన స్థితికి చేర్చి అక్కడే నిలిపే పద్ధతులను క్వాంటమ్ నియంత్రణ అంటారు. దీని మూలాలు అణు అయస్కాంత అనునాదంలో ఉన్నాయి. 1950లో ఎర్విన్ హాన్ కనుగొన్న స్పిన్ ఎకోలో, మధ్యలో ఇచ్చే ఒక పల్స్ అప్పటివరకు పేరుకున్న దశాభేదాన్ని వెనక్కి తిప్పుతుంది. 1998లో లొరెంజా వియోలా, సేత్ లాయిడ్ ఆ సూత్రాన్ని పల్సుల వరుసగా విస్తరించారు. రొద నెమ్మదిగా మారేదైతేనే ఈ ఉపాయం పారుతుంది. పల్సుల మధ్య వ్యవధికన్నా వేగంగా మారితే ఫలితం స్వల్పం.

వ్యవస్థను కొలిచి, ఆ ఫలితాన్ని బట్టి సరిదిద్దే ఫీడ్‌బ్యాక్ మార్గం ఇంకా చిక్కైనది, ఎందుకంటే కొలతే స్థితిని మార్చేస్తుంది. అయినా 2011లో సెర్జ్ హరోష్ బృందం బలహీన కొలతలతో కుహరం (క్యావిటీ)లోని ఫోటాన్ల సంఖ్యను స్థిరంగా నిలిపింది. పరామితులు కొంత అటూఇటైనా పనిచేసే పల్సులను కంప్యూటర్‌తో రూపొందించే దృఢ నియంత్రణ మరో మార్గం. 2005లో వెలువడిన గ్రేప్ అల్గోరిథమ్‌ను ఇందుకు విరివిగా వాడతారు.

క్వాంటమ్ కంప్యూటర్లకూ ఇలాంటి నియంత్రణ అవసరం. అమరావతి క్వాంటమ్ వ్యాలీ టెక్ పార్కులో 156 క్యూబిట్ల (క్వాంటమ్ బిట్ల) హెరాన్ ప్రాసెసర్‌తో అలాంటి కంప్యూటర్ నెలకొల్పే ప్రణాళికను 2025 మేలో ఐబీఎం, టీసీఎస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించాయి. హెరాన్‌లో పొరుగు క్యూబిట్ల బంధాన్ని సర్దుబాటు చేసే కప్లర్లు అనవసర సంకేతాల చొరబాటును తగ్గిస్తాయి.