ఇక్మిక్ కుక్కర్: కోల్‌కతా డాక్టర్ తయారుచేసిన ఈ వంట పాత్ర ప్రత్యేకత ఏమిటి?

ప్రెషర్ కుక్కర్ మన వంటిళ్లలోకి రావడానికి చాలా ఏళ్ల ముందే అన్నం, పప్పు, కూర ఒకేసారి ఉడికించే పాత్ర ఒకటి కోల్‌కతాలో తయారైంది. అదే ఇక్మిక్ కుక్కర్. 1910లో దీన్ని రూపొందించిన ఇందుమాధవ్ మల్లిక్ (1869-1917) ఇంజినీర్ కాదు. భౌతికశాస్త్రం, తత్వశాస్త్రం, న్యాయశాస్త్రం కూడా చదివిన డాక్టర్.

హైజీనిక్, ఎకనామిక్ అనే రెండు ఇంగ్లిష్ మాటల నుంచి ఈ పేరు పుట్టిందని చెబుతారు.

ఎలా పనిచేసేది?

అడుగున బొగ్గుల కుంపటి, దానిపైన పొడవాటి గుండ్రటి డబ్బా, అందులో కొద్దిగా నీళ్లు, లోపల ఒకదానిపై ఒకటి పేర్చిన క్యారియర్ గిన్నెలు. నీళ్లు మరిగి వచ్చే ఆవిరి గిన్నెల చుట్టూ చేరి వాటిలోని పదార్థాలను ఉడికిస్తుంది. మన ఆవిరి కుడుము ఉడికేదీ ఈ సూత్రంతోనే.

లోపల ఒత్తిడి పెరగదు కాబట్టి వేడి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగుతుంది. అందువల్ల వంట మాడదు, దగ్గరుండి కలపక్కర్లేదు. బొగ్గులు రాజేసి వేరే పని చూసుకోవచ్చు.

పూరీ జగన్నాథ ఆలయంలో కుండ మీద కుండ పెట్టి వండే పద్ధతే మల్లిక్‌కు స్ఫూర్తి అంటారు.

ఎవరికి ఉపయోగపడింది?

చదువు కోసం, ఉద్యోగం కోసం ఊరు వదిలి కోల్‌కతా మెస్‌లలో ఉండేవారికి, ప్రయాణాలు చేసేవారికి ఇది అక్కరకొచ్చింది. వంటమనిషి లేకున్నా వేడి అన్నం దొరికేది.

ఎందుకు కనుమరుగైంది?

ఇక్మిక్‌లో వంటకు గంటల సమయం పట్టేది. ప్రెషర్ కుక్కర్‌లో వేడి సుమారు 120 డిగ్రీలకు చేరుతుంది కాబట్టి నిమిషాల్లో పని అవుతుంది. హాకిన్స్ సంస్థ 1959లో మొదలైంది. ఇండేన్ తొలి గ్యాస్ కనెక్షన్ 1965లో కోల్‌కతాలోనే ఇచ్చారు. గ్యాస్ పొయ్యి వచ్చాక బొగ్గుల కుంపటితో అవసరం తగ్గిపోయింది.

డిజైన్ చరిత్రలో స్థానం

భారత్‌లో ఆధునిక డిజైన్ గురించి మాట్లాడేవారు సాధారణంగా రెండు సంఘటనలతో మొదలుపెడతారు. ఒకటి, చెంబు రూపాన్ని మెచ్చుకుంటూ అమెరికా డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ 1958లో ఇచ్చిన నివేదిక. రెండోది, 1961లో అహ్మదాబాద్‌లో ఏర్పాటైన జాతీయ డిజైన్ సంస్థ. వాటికి సుమారు అర్ధ శతాబ్దం ముందే, ఇంట్లో ఉన్న క్యారియర్, కుంపటిలతో ఒక డాక్టర్ కొత్త వస్తువును తయారుచేశారు. నేడు ఆఫీసులకు తీసుకెళ్లే ఎలక్ట్రిక్ స్టీమర్ లంచ్ బాక్సుల్లోనూ అమరిక దాదాపు అదే. మారింది కుంపటి మాత్రమే.