అప్పీలు గడువు, విడిచిన అభ్యంతరం: అచ్చంపేట ప్రాంతం నుంచి ఒక పరిశీలన

అచ్చంపేట మండలంలో కృష్ణానది ఒడ్డున ఉన్న చింతపల్లి, అమరావతికి తరలక పూర్వం వాసిరెడ్డి వారి రాజధాని. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1816లో మరణించగా, ఆయన దత్తపుత్రులు జగన్నాథబాబు, రామనాథబాబుల మధ్య రేగిన వారసత్వ వివాదం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా సాగింది. తొలి దత్తుడు జీవించి ఉండగా రెండవ దత్తత చెల్లదన్న నిర్ణయం 1846లో వెలువడింది. దత్తత చట్టంలో ప్రసిద్ధమైన ఈ వ్యాజ్యాన్ని కాలవ్యవధి దృష్టితోనూ చూడవలసి ఉంది.

ఆనాడు లండన్‌కు అప్పీలు చేయడం ఒక ఎత్తు, దానిని విచారణకు తేవడం మరొక ఎత్తు. మద్రాసు సదర్ అదాలతు వంటి న్యాయస్థానాల నుంచి రికార్డులు లండన్ చేరినా, కక్షిదారులు తదుపరి చర్యలు తీసుకోక అప్పీళ్లు పేరుకుపోయాయని 1833 నాటి ప్రివీ కౌన్సిల్ చట్టమే అంగీకరించింది. 1838 ఉత్తర్వు పదివేల రూపాయల కనీస విలువను, తీర్పు నాటి నుంచి ఆరు నెలల గడువును విధించింది. జమీందారుకు ఇవి భారం కాకపోవచ్చు. మెట్టపొలం రైతుకు ఆ దారి మూసుకుపోయినట్లే.

రైతుకు అందుబాటులో ఉన్నవి జిల్లా కోర్టు, మద్రాసు హైకోర్టు. 1908 కాలపరిమితి చట్టం ప్రకారం మొదటిదానికి 30 రోజులు, రెండవదానికి 90 రోజులు. తీర్పు నకలుకు పట్టిన కాలాన్ని మినహాయించేవారు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు. ఆ మాటకు ఉదారమైన అర్థం చెప్పాలని మద్రాసు హైకోర్టు కృష్ణ, చాతప్పన్ వ్యాజ్యంలో పందొమ్మిదవ శతాబ్దాంతానికే పలికింది.

చిక్కంతా మన్నించే విధానంలో ఉండేది. గడువు దాటిన అప్పీలును ఎదుటి పక్షానికి తెలియకుండానే స్వీకరించి, అభ్యంతరాన్ని తుది విచారణ దాకా వాయిదా వేసేవారు. గెలిచిన రైతు తన గెలుపు నిలుస్తుందో లేదో తెలియక ఏళ్లు గడపవలసిందే! కృష్ణస్వామి పణికొండార్ వ్యాజ్యంలో ప్రివీ కౌన్సిల్ ఈ పద్ధతిని ఆక్షేపించి, నోటీసు ఇచ్చి స్వీకరణ దశలోనే తేల్చాలని సూచించింది. ఆ నిర్ణయం 1918 నాటి లా రిపోర్టులలో ఉంది. సివిల్ ప్రక్రియా స్మృతిలోకి ఆ సూచన 1976 సవరణతో గాని రాలేదు.

అభ్యంతరాలన్నీ ఒక తీరువి కావు. కాలదోషాన్ని ప్రతివాది ఎత్తిచూపకపోయినా న్యాయస్థానం తానే గమనించాలి. దావా వేసిన చోటు సరికాదన్న అభ్యంతరమైతే వేరు. తొలి కోర్టులో, వీలైనంత త్వరగా లేవనెత్తకుంటే అప్పీలులో దానికి విలువ లేదు. ప్లీడరు అజాగ్రత్తకు కక్షిదారు మూల్యం చెల్లించేది ఎక్కువగా ఇక్కడే.

హైకోర్టు 1954లో గుంటూరుకు, 1956లో హైదరాబాదుకు, 2019లో అమరావతికి మారింది. 1963 చట్టంలోనూ హైకోర్టు అప్పీలుకు గడువు అవే 90 రోజులు.