పొదుగు చేపే రహస్యం



పొద్దున్నే గుమ్మం దగ్గరికి పాలు వచ్చే పట్నవాసంలో మనకి పొదుగు దగ్గర కూచునే పని తప్పిపోయింది. అయినా “ఆవు చేపింది” అనే మాట అమ్మమ్మల నోట వినే వుంటారు. దూడ మూతితో కుమ్మగానే చన్నుల్లోకి పాలు దిగడం చేపడం. ఆవు బెదిరి పాలు దిగనివ్వకపోతే ఎగచేపింది అంటారు. ఈ రెండు మాటల వెనక వున్న శాస్త్రం తేలడానికి 1941 దాకా పట్టింది!

పొదుగంటే పాలు నింపిన సంచీ కాదండీ. లోపల నాలుగు భాగాలుంటాయి. ఒకదాని పాలు ఇంకోదానిలోకి పోవు. ఒక్కో భాగంలో కంటికి ఆనని తిత్తులు కోకొల్లలు. రక్తంలోని సరుకు తీసుకుని పాలు తయారుచేసేవి అవే. ఒక్క లీటరు పాలకి సుమారు 400 నుంచి 500 లీటర్ల రక్తం పొదుగులో తిరగాలి. తయారైన పాలు చాలామటుకు ఆ తిత్తుల్లోనే వుంటాయి. వాటిని చుట్టుకున్న సన్నని కండరాలు బిగిస్తేనే కిందికి దిగుతాయి. మన నాటు ఆవుల్లో, గేదెల్లో ముందే కిందికి దిగి వుండే పాలు బహు తక్కువ. అందుకే వాటికి దూడ కావాలి.

పాడి ఎరిగినవాళ్ళకి దూడ సంగతి ఏనాడో తెలుసు. ఈజిప్టులో నాలుగువేల ఏళ్ళ నాటి కావిట్ రాణి శవపేటిక మీద, ఆవు ముందుకాలికి దూడను కట్టి పాలు పితుకుతున్న బొమ్మ వుంది. ఆ ఆవు కంట నీటిచుక్క కూడా చెక్కారు.

పట్నాల్లో పాల బేరం పెరిగాక దూడ తాగే పాలు నష్టంగా కనిపించాయి. దూడ చస్తే తల్లి చేపదు. కొందరు చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి ఎదుట నిలబెట్టేవారు. మరికొందరు ఆవు మర్మస్థానంలోకి గాలి ఊదేవారు. దీన్నే ‘ఫూకా’ అన్నారు. గాంధీగారు 1912లో దక్షిణాఫ్రికాలో పాలు మానడానికి పశువుల్ని పెట్టే ఇలాంటి హింస ఒక కారణం. 1918లో జబ్బుచేసి ఎంతకీ కోలుకోకపోతే, ఆ ఒట్టు మేకపాలకి వర్తించదు కదా అని దారి చూపింది కస్తూర్బాయే. ఆయన తాగారు గాని, ఒట్టు మాట నిలిచింది, మనసు నిలవలేదని తర్వాత బాధపడ్డారు.

1910లో ఆట్, స్కాట్ అనే శాస్త్రజ్ఞులు, మెదడు కింద వుండే పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కిస్తే మేకకి పాలు దిగడం గమనించారు. 1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ పొదుగులో ఒక సగానికి నరాలు తెంచి చూశారు. ఆ సగమూ చేపింది! అంటే కబురు నరాల వెంట కాదు, రక్తంలో వస్తోందన్నమాట. ఆవు వీపు మీద పిల్లిని పెట్టి, కాగితం సంచులు పేల్చి బెదరగొడితే పాలు ఆగిపోయాయి. ఆ కబురు పేరు ఆక్సిటోసిన్. బిడ్డ ఏడుపు వినగానే తల్లికి పాలు పొంగేదీ దానివల్లనే. డు విన్యో 1953లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి, 1955లో నోబెల్ బహుమతి పొందారు.

ఆ మందే తర్వాత కొన్ని కొట్టాల్లో దూడకి బదులు సూది అయింది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 12వ సెక్షను ప్రకారం ఫూకా నేరం. పాలకోసం పశువు ఆరోగ్యం చెడేలా ఇచ్చే సూదిమందూ నేరమే. మీ ఇంటికి పాలు పోసే అతన్ని ధర ఒక్కటే అడక్కండి, దూడ ఎలా వుందని కూడా అడగండి. ఆ ప్రశ్నకి తడుముకుంటే మీకే అర్థమవుతుంది.